ఈ వారం మాట: అభిలషణీయం. ఎవరికి?

ఈ వారం నేను నేర్చుకున్న మాట "అభిలషణీయం". నోరు తిరగడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఇంగ్లీషులో ఆప్టిమమ్ అనే మాటకి తెలుగు ఎకనామిక్స్ పుస్తకాల్లో ఇది వాడతారు. అభిలషణీయ జనాభా, అభిలషణీయ పరిమాణం, అలాగ. అభిలాష అంటే కోరిక కదా. అభిలషణీయం అంటే కోరదగినది.

ఇంగ్లీషు మాట కంటే ఈ మాట నాకు చాలా నచ్చింది. ఆప్టిమమ్ అన్నప్పుడు అది ఆకాశంలోంచి దిగివచ్చిన నిజంలాగా వినిపిస్తుంది. ఎవరూ ఎదురు మాట్లాడరు. అభిలషణీయం అనగానే మాత్రం ఒక ప్రశ్న వస్తుంది. ఎవరి అభిలాష?

ఈ పోస్టు ఆ ప్రశ్న గురించి. మామూలుగా నేను ఇక్కడ పండుగల గురించి, ఒత్తుల గురించి, మా అమ్మ వాడిన సామెతల గురించి రాస్తాను. ఈసారి సరుకుల నిల్వ గురించి, డెలివరీ రూట్ల గురించి రాస్తున్నాను. కొంచెం కోపంగా ఉంటుంది. పోయిన శుక్రవారం మా మందిరంలో ఒక చదువుకున్న కుర్రాడు నాతో అన్నాడు, "ఆంటీ, ఇరవై నిమిషాల డెలివరీ అంటే ఊరికే వచ్చిందా? అది ప్యూర్ ఆప్టిమైజేషన్" అని. నేను చేతిలో గరిటె ఉంది కాబట్టి ఊరుకున్నాను. జవాబు ఇక్కడ ఇస్తున్నాను. అది ఆప్టిమైజేషన్ అని పేరు పెట్టుకున్న ఇంకేదో. అసలు ఆ శాస్త్రం చెప్పేది దానికి దాదాపు ఎదురు.

కొత్తగా చదివేవాళ్లకి ఒక మాట. నేను రిగ్గైలో ఉంటాను. సికింద్రాబాద్‌లో కాన్వెంటు చదువు, స్కూల్లో తెలుగు మాట్లాడితే ఫైన్. అరవై దాటాక తెలుగు చదవడం, రాయడం నాకు నేనే నేర్చుకున్నాను. కువైట్‌లో ఇరవై ఏడేళ్లు ఒక ఫుడ్ కంపెనీలో స్టోర్స్ సెక్షన్‌లో పని చేశాను. ఇప్పుడు మందిరంలో వాలంటీరుని. మందిరం అంటే గోపురం ఉన్న గుడి అనుకోకండి. ఒక హాలు, పటాలు, ఒక గంట, వెనక వంటిల్లు. నా డ్యూటీ వంటింటి సరుకులు. అందుకని ఈ విషయం నాకు పుస్తకంలో కంటే బియ్యం బస్తాల దగ్గర బాగా తెలుసు.

బియ్యం దగ్గరే మొదలుపెడతాను.

1913లో ఫోర్డ్ హారిస్ అనే అమెరికా ఇంజనీరు ఒక చిన్న వ్యాసం రాశాడు. ఒకసారికి ఎంత సరుకు తెప్పించాలి, లేదా తయారు చెయ్యాలి, అని దాని ప్రశ్న. నూరేళ్లు దాటినా ఆ జవాబు ఇంకా ప్రతి స్టోర్స్ ఆఫీసులో పని చేస్తోంది. దాంట్లో రెండు ఖర్చులు ఉంటాయి. ఒకటి తెప్పించే ఖర్చు. బండి, డ్రైవరు, బిల్లు, మోసే మనిషి. ఎంత తెచ్చినా ప్రతిసారీ ఇది పడుతుంది. రెండోది నిల్వ ఖర్చు. చోటు, ఏసీ, పురుగు, ఇరుక్కుపోయిన డబ్బు. ఎక్కువసార్లు తెప్పిస్తే మొదటిది పెరుగుతుంది. ఒకేసారి చాలా తెప్పిస్తే రెండోది పెరుగుతుంది. మధ్యలో ఒకచోట రెండూ సమానం అవుతాయి. అక్కడ మొత్తం ఖర్చు అన్నిటికంటే తక్కువ.

మా వంటింటి లెక్క చెప్తాను. లెక్క సులువు కావడానికి అంకెలు కొంచెం సర్దాను. ఏడాదికి 600 కిలోల బియ్యం కావాలి. ఒకసారి తెప్పిస్తే 3 దీనార్లు. కిలో బియ్యం ఏడాది పాటు ఉంచుకోవడానికి 90 ఫిల్స్. హారిస్ సూత్రం ఇలా ఉంటుంది. ఏడాది అవసరాన్ని తెప్పించే ఖర్చుతో గుణించి, రెండింతలు చేసి, నిల్వ ఖర్చుతో భాగించి, వర్గమూలం తియ్యాలి. 600ని 3తో గుణిస్తే 1,800. రెండింతలు 3,600. దాన్ని 0.09తో భాగిస్తే 40,000. వర్గమూలం 200. అంటే ఒకసారికి 200 కిలోలు, ఎనిమిది బస్తాలు. ఏడాదికి మూడుసార్లు. తెప్పించే ఖర్చు 9 దీనార్లు. సగటున 100 కిలోలు గదిలో ఉంటాయి కాబట్టి నిల్వ ఖర్చు కూడా 9 దీనార్లు. మొత్తం 18.

ఇప్పుడు అదే బియ్యం ఐదు కిలోల ప్యాకెట్లుగా తెప్పించండి. 120 సార్లు. తెప్పించే ఖర్చు 360 దీనార్లు. నిల్వ ఖర్చు పావు దీనారు కూడా లేదు. ఏ స్టోర్స్ మేనేజరైనా ఇలా చేస్తే ఉద్యోగం పోతుంది.

కానీ మన ఇళ్లల్లో అందరం ఇలాగే చేస్తున్నాం. ఉదయం పాలు, పదకొండింటికి పెరుగు, సాయంత్రం కొత్తిమీర కట్ట. మూడు ఆర్డర్లు, మూడు బైకులు. మనకి పిచ్చా? లేదు. మనం హారిస్ సూత్రాన్నే పాటిస్తున్నాం. సూత్రంలో తెప్పించే ఖర్చు దగ్గర సున్నా వెయ్యండి. సున్నాతో ఏది గుణించినా సున్నా. వర్గమూలం కూడా సున్నా. అంటే నిల్వ ఏమీ పెట్టుకోవద్దు, అవసరమైన ప్రతిసారీ ఒక్కొక్కటి తెప్పించుకో అని సూత్రం చెప్తుంది. ఫోను తెర మీద "ఫ్రీ డెలివరీ" అని రాసినవాడు చేసిన పని ఇదే. మన లెక్కలో ఒక అంకెని సున్నా చేశాడు.

నిజంగా అది సున్నా అయిందా? బైకు తిరగలేదా? పెట్రోలు కాలలేదా? ఆ అబ్బాయి తొమ్మిదో అంతస్తు ఎక్కలేదా? ఖర్చు ఎక్కడికీ పోలేదు. మన బిల్లులోంచి లేచి వేరేవాళ్ల దగ్గర కూర్చుంది. కొంత ఇన్వెస్టర్ డబ్బులో, కొంత రెస్టారెంటువాడి కమిషన్‌లో, మిగతాది బైకు అబ్బాయి ఒంట్లో. స్టోర్స్‌లో నా మొదటి బాస్ ఒక మాట అనేవాడు, ఖర్చు కనపడకపోతే దాన్ని వెతుకు, అది ఏ మూలో కూర్చుని ఉంటుంది అని. ఆయన మంచివాడేమీ కాదు గానీ ఈ మాట మాత్రం నిజం.

ఇక రూటు సంగతి.

1959లో జార్జ్ డాంట్జిగ్, జాన్ రామ్‌సర్ అని ఇద్దరు ఒక పేపరు రాశారు. పెద్ద పెట్రోలు డిపో నుంచి చాలా బంకులకి ట్యాంకర్లు పంపాలి. ఏ ట్యాంకర్ ఏ బంకులకి వెళ్లాలి, ఏ వరసలో వెళ్లాలి, మొత్తం దూరం ఎలా తగ్గించాలి అన్నది ప్రశ్న. వినడానికి చిన్న లెక్కలా ఉంటుంది. పది చోట్లకి వెళ్లాలంటే వరసలు 36,28,800 ఉంటాయి. పదిహేను చోట్లకైతే లక్షా ముప్ఫై వేల కోట్లకి పైనే. కంప్యూటరు కూడా అన్నీ చూసే ఓపిక లేక, తెలివైన అడ్డదారులు వెతుక్కుంటుంది.

ఆ అడ్డదారుల్లో ఒకటి 1964లో క్లార్క్, రైట్ అనేవాళ్లు చెప్పారు. ఇది నాకు చాలా ఇష్టం, ఎందుకంటే మా అమ్మ కూడా ఇలాగే ఆలోచించేది. "ఎలాగూ అటు వెళ్తున్నావు కదా, అది కూడా పట్టుకురా." షువైఖ్‌లో గోడౌన్ ఉంది అనుకుందాం. అక్కడి నుంచి రిగ్గై 6 కిలోమీటర్లు, అందలూస్ 8, రిగ్గై నుంచి అందలూస్ 3 అనుకుందాం. రెండు ఇళ్లకి వేరు వేరుగా వెళ్లి వస్తే 12, 16, మొత్తం 28 కిలోమీటర్లు. ఒకే ట్రిప్పులో వెళ్తే 6, 3, 8, మొత్తం 17. పదకొండు కిలోమీటర్లు మిగిలాయి. ఇలా ఏ రెండు చోట్లని కలిపితే ఎక్కువ మిగులుతుందో వాటిని ముందు కలుపుతూ పోవాలి. అంతే ఆ పద్ధతి. దాని పేరే సేవింగ్స్ పద్ధతి.

ఇక్కడ ఆ చదువుకున్న కుర్రాడిని ఒకటి అడుగుతాను. బాబూ, కలపాలంటే ఏం కావాలి? రెండో ఆర్డరు వచ్చేదాకా మొదటి ఆర్డరు ఆగాలి. ఈ శాస్త్రంలో ఉన్న పొదుపు అంతా ఆగడంలో ఉంది. ఇరవై నిమిషాలు అని గడియారం పెట్టిన రోజు ఆ పొదుపుని నువ్వే కిటికీలోంచి పారేశావు. ఆ తర్వాత మిగిలేది ఒకే ఒక లెక్క, ఈ పాల ప్యాకెట్టుకి దగ్గరలో ఏ బైకు ఉంది అని. దానికి కూడా పెద్ద ప్రోగ్రామే కావాలి, ఒప్పుకుంటాను. కానీ అది కిలోమీటర్లు తగ్గించే లెక్క కాదు. నిమిషాలు కొనే లెక్క. కొనేది మనం, చెల్లించేది ఇంకొకళ్లు.

ఈ రెండు లెక్కలు, నిల్వ, రూటు, కలిపి చేస్తే ఏమవుతుందో 1983లో బయటికి వచ్చింది. ఎయిర్ ప్రొడక్ట్స్ అనే అమెరికా కంపెనీ ఆక్సిజన్, నైట్రోజన్ లాంటివి ద్రవంగా ట్యాంకర్లలో పంపుతుంది. ఆసుపత్రుల దగ్గర, ఫ్యాక్టరీల దగ్గర కంపెనీ ట్యాంకులు ఉంటాయి. కస్టమరు ఫోను చేసి అడిగేదాకా ఆగరు. ఎవరి ట్యాంకులో ఎంత ఉంది, ఎప్పటికి అయిపోతుంది అని కంపెనీవాళ్లే లెక్కవేసి, ఎవరికి ఏ రోజు ఎంత పొయ్యాలో, ఏ రూటులో వెళ్లాలో ఒకేసారి నిర్ణయిస్తారు. ఆపరేటింగ్ ఖర్చులో నూటికి 6 నుంచి 10 వంతులు మిగిలాయని వాళ్లు రాశారు. ట్యాంకు ఖాళీ కాకూడదన్నది షరతు. ఆసుపత్రిలో ఆక్సిజన్ కదా. ఎవరినీ పరుగెత్తించకుండా, ముందు చూపుతో చేశారు. ఇదీ ఈ శాస్త్రానికి గొప్ప రోజు అంటే.

మన దేశంలో కూడా ఇప్పుడు ఇలాంటి మంచి పని జరుగుతోంది. రేషను బియ్యం గోడౌన్ నుంచి గోడౌన్‌కి, అక్కడి నుంచి డిపోకి వెళ్లే దారులని ఐఐటీ ఢిల్లీ, ప్రపంచ ఆహార కార్యక్రమం వాళ్లతో కలిసి కేంద్ర ప్రభుత్వం మళ్లీ లెక్కవేయించింది. 2024 డిసెంబరులో "అన్న చక్ర" అని పేరు పెట్టారు. 30 రాష్ట్రాల్లో కలిపి ఏడాదికి సుమారు 250 కోట్ల రూపాయలు మిగులుతాయని ప్రభుత్వం అంచనా. బస్తా అదే, మనిషి తినేది అదే, లారీ మాత్రం తక్కువ తిరుగుతుంది. నేను గణితానికి వ్యతిరేకం అని ఎవరైనా అంటే ఈ పేరా చూపించండి.

ఆంధ్రలో రేషను గురించి ఇంకో కథ ఉంది, అది రాజకీయం కాబట్టి జాగ్రత్తగా రాస్తాను. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో 9,260 వ్యాన్లు పెట్టి రేషను బియ్యం వీధిలోకి తీసుకెళ్లడం మొదలుపెట్టారు. 2025 జూన్ 1 నుంచి ఆ వ్యాన్లు ఆపేసి మళ్లీ డిపోల్లోనే ఇస్తున్నారు. ఒక పార్టీ వ్యాను గొప్పది అంటుంది, ఇంకో పార్టీ డిపో గొప్పది అంటుంది. స్టోర్స్ మనిషిగా నాకు రెండూ ఒకే సమస్యకి రెండు జవాబులు. నిల్వ జనం దగ్గరికి వెళ్లాలా, జనం నిల్వ దగ్గరికి రావాలా? జనం వస్తే లారీ ఖర్చు తగ్గుతుంది, కానీ ఆ నడక ఎవరి లెక్కలోనూ ఉండదు. సంచి మోసే ముసలమ్మకి ఎవరూ కిలోమీటరుకి ఇంత అని ఇవ్వరు కదా. అందుకే కొత్త పద్ధతిలో నాకు నచ్చినది ఒక్క ముక్క. 65 ఏళ్లు దాటినవాళ్లకి, దివ్యాంగులకి ఇంటికే ఇవ్వాలని పెట్టారు. లెక్కలో ఒక షరతు రాశారు. మనిషిని లెక్కలో చేర్చడం అంటే ఇదే. గణితం ఏమీ అడ్డు చెప్పలేదు. ఏ షరతు పెట్టినా గణితం ఒప్పుకుంటుంది. ఖర్చు కొంచెం పెరుగుతుంది, అంతే.

ఇప్పుడు నా ఊరికి వస్తాను.

రిగ్గై చిన్న ఏరియా. ఫోర్త్ రింగ్ రోడ్డు పక్కన, ఎత్తైన అపార్టుమెంట్లు, లోపల ఇరుకు పార్కింగు. ఫోనులో అన్నం తెప్పించుకునే అలవాటు ఈ దేశానికి పాతదే, తలబాత్ అనే యాప్ 2004లో కువైట్‌లోనే పుట్టింది. ఇప్పుడు అలాంటివి చాలా ఉన్నాయి, నేను ఏ ఒక్కళ్ల గురించీ రాయడం లేదు. శుక్రవారం ప్రసాదానికి వచ్చేవాళ్లలో బైకు అబ్బాయిలు చాలామంది. రాజంపేట, రాయచోటి, కోనసీమ. పులిహోర తింటూ మాట్లాడతారు, నేను వింటాను. వాళ్ల మాటల వల్ల నా తెలుగు కూడా మెరుగుపడింది, ముఖ్యంగా కడప తెలుగు.

ఒక అబ్బాయి చెప్పాడు. "లిఫ్టు కాడ నిలబడే టైము యాప్‌కి తెలీదు ఆంటీ. బిల్డింగు కింద దిగినామంటే వచ్చేసినట్టే అనుకుంటాది." రూటు లెక్కల్లో దీన్ని సర్వీస్ టైము అంటారు. ప్రతి ఇంటి దగ్గర ఎంతసేపు పడుతుంది అని ఒక అంకె ఇవ్వాలి. ఒకే లిఫ్టు ఉన్న తొమ్మిది అంతస్తుల బిల్డింగుకీ, రోడ్డు మీద ఉన్న షాపుకీ ఒకే అంకె ఇస్తే, ఆ తేడా ఎవరు పూడుస్తారు? ఆ అబ్బాయి రోడ్డు మీద స్పీడుతో పూడుస్తాడు. వాడికి జీతం ఆర్డరుకి ఇంత అని. వాడు పని చేసేది యాప్‌కి కాదు, మధ్యలో ఉన్న కాంట్రాక్టరుకి. పేరు నాకు చెప్పాడు, నేను రాయను.

ఇంకొకడు అన్నాడు, "మాకు రింగ్ రోడ్డు ఎక్కేదానికి లేదు. మ్యాపు మాత్రం కారు దారి చూపిస్తాది." నిజమే. 2021లో డెలివరీ బైకులు రింగ్ రోడ్ల మీదకి, హైవేల మీదకి రాకూడదని ఇక్కడి ట్రాఫిక్ శాఖ చెప్పింది. మంచి నిర్ణయం, ప్రాణాలు నిలబడతాయి. కానీ దారి పొడవు పెరిగినప్పుడు కస్టమరుకి ఇచ్చిన మాట కూడా పెరగాలి కదా. ఆ మాట పెరగకపోతే ఆ షరతు సగమే రాసినట్టు.

ఎండ గురించి కువైట్‌లో ఉన్నవాళ్లకి చెప్పక్కరలేదు, మిగతావాళ్లకి చెప్తాను. 2016 జూలై 21న ఈ దేశంలో మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు వచ్చింది. ప్రపంచ వాతావరణ సంస్థ పరిశీలించి ఒప్పుకున్న అంకె. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూలు ఉంది. 2024 వేసవిలో డెలివరీ బైకులకి కూడా అదే వేళ ఆపు అని ట్రాఫిక్ శాఖ ప్రకటించింది.

ఈ రూలు వచ్చినప్పుడు ఏం జరిగింది? ఆకాశం విరిగిపడలేదు. మధ్యాహ్నం భోజనం కార్లలో వచ్చింది, కొంచెం ఆలస్యంగా వచ్చింది, కొంతమంది వంట చేసుకున్నారు. ప్రోగ్రాములో ఒక షరతు మారింది. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఇంత తెలివి ఉన్నవాళ్లు, ఏ వీధిలో ఏ సిగ్నల్ దగ్గర ఎన్ని సెకన్లు అవుతుందో కొలిచేవాళ్లు, ఎండని మాత్రం కొలవలేదు. ఒక పోలీసు ఆఫీసరు చెప్పేదాకా అది వాళ్ల లెక్కలోకి రాలేదు. ఐస్‌క్రీము కరగకూడదు అనే షరతు మాత్రం మొదటి రోజు నుంచి ఉంది. ఐస్‌క్రీముకి బ్యాగు కూడా ఇచ్చారు.

దీనికి నాకు మామూలుగా మూడు జవాబులు వస్తాయి.

మొదటిది, వాళ్లని ఎవరు రమ్మన్నారు, ఇష్టపడే వచ్చారు కదా అని. వీసాకి అప్పు చేసి వచ్చినవాడి ఇష్టం గురించి నాతో వాదించకండి. నేను 1990లలో వచ్చినదాన్ని, నాకు తెలుసు.

రెండోది, కస్టమరు ఆగడు అని. బొంబాయి డబ్బావాలాలని చూడండి. 1890 నుంచి మధ్యాహ్నం భోజనం టైముకి ఇస్తున్నారు. ఎవరూ ఇరవై నిమిషాల ముందు ఆర్డరు ఇవ్వరు. రోజూ అదే ఇల్లు, అదే ఆఫీసు, అదే రైలు. డబ్బాలని స్టేషన్ దగ్గర కలుపుతారు, మళ్లీ విడదీస్తారు. కస్టమరు ఆగడు అనేది కస్టమరుకి నేర్పించిన అలవాటు. నేర్పించింది ఎవరో మళ్లీ చెప్పక్కరలేదు. అమెరికాలో డోమినోస్ ముప్ఫై నిమిషాల గ్యారంటీ ఇచ్చేది. వాళ్ల డెలివరీ డ్రైవరు కారు గుద్ది గాయపడిన ఒక మహిళకి 1993లో సెయింట్ లూయిస్‌లో జ్యూరీ ఏడు కోట్ల డాలర్లకి పైగా పరిహారం ఇవ్వాలంది. ఆ ఏడాది చివరికే ఆ గ్యారంటీ అక్కడ పోయింది. పిజ్జా తినడం ఎవరైనా మానేశారా?

మూడో జవాబు నాకు అన్నిటికంటే చిరాకు. "అది ఆల్గారిథమ్ నిర్ణయించింది ఆంటీ, మనుషులు కాదు."

ఇక్కడ కొంచెం వ్యాకరణం. నా చిన్నప్పటి ఇంగ్లీషులో, ఆఫీసు ఉత్తరాల్లో, "నిర్ణయించబడింది" అనే రకం వాక్యాలు ఎక్కువ. చేసినవాడి పేరు లేకుండా పని జరిగిపోతుంది. నేను తెలుగులో కూడా అలాగే రాయబోతే, నాకు చదివిపెట్టే పక్కింటి పిన్నిగారు ఒప్పుకోరు. "ఎవరు నిర్ణయించారో రాయవే" అంటారు. ఇరవై నిమిషాలు అని ఒక మనిషి రాశాడు. తెప్పించే ఖర్చు కస్టమరుకి సున్నా అని ఒక మనిషి రాశాడు. ఆలస్యానికి రైడర్ రేటింగు తగ్గాలని ఒక మనిషి రాశాడు. మీటింగులో కూర్చుని, ఏసీలో, టీ తాగుతూ. ఆ తర్వాత కంప్యూటరు వాళ్ల అభిలాషని అక్షరం పొల్లుపోకుండా తీర్చింది. దానికి తెలిసింది అంతే.

మరి ఏం చెయ్యాలి అంటారా? పెద్దవాళ్లకి నేను చెప్పేది మూడు ముక్కలు. డెలివరీ ఖర్చుని బిల్లులో చూపించండి, మీరు భరిస్తున్నా సరే, అంకె కనపడాలి. ఆర్డరు పెట్టేటప్పుడు "నేను ఆగుతాను" అని ఒక బటన్ పెట్టండి. ఆగినవాళ్ల ఆర్డర్లు కలిసి వస్తాయి, మిగిలిన డబ్బులో సగం రైడర్‌కి ఇవ్వండి. ఆర్డరుకి ఇంత అని కాకుండా గంటకి ఇంత అని జీతం ఇవ్వండి. అప్పుడు ఖాళీగా తిరిగే బైకు మీకే ఖర్చు అవుతుంది కాబట్టి మీ కంప్యూటరు దాన్ని తగ్గించడానికి తనకి తానే దారి వెతుకుతుంది. ఈ మూడోది నాకు చాలా ముఖ్యం. ఇప్పుడు రైడర్ బయట నిలబడి కాచుకున్న గంట కంపెనీకి ఉచితం. ఉచితంగా దొరికేదాన్ని ఏ లెక్కా పొదుపు చెయ్యదు.

మన దగ్గరి పని చిన్నది. మా బిల్డింగు కింద ఒక బకాలా ఉంది, కేరళ ఆయన నడుపుతాడు. కువైట్‌లో బకాలా అంటే మన కిరాణా కొట్టు. ఆయన చేసేదే అసలు నిల్వ, రూటు లెక్క. ఏ ఫ్లాటులో పసిపిల్ల ఉందో, ఎవరింట్లో పెరుగు ఎక్కువ అవుతుందో ఆయనకి నోటికి వచ్చు. మూడు వందల అడుగుల లోపలే తిరుగుతాడు. డార్క్ స్టోర్ అని ఇప్పుడు పెద్ద పేరు పెట్టి చేసేది కూడా ఇదే ఆలోచన, నిల్వని ఇంటి దగ్గర పెట్టడం. ఆలోచన మంచిదే, పైన గడియారం తగిలించి పాడు చేశారు.

మేము ఫిబ్రవరి నుంచి ఒక లిస్టు నడుపుతున్నాం. పద్నాలుగు ఫ్లాట్లు. గురువారం రాత్రి ఎనిమిదింటికి లిస్టు మూసేస్తాను. శుక్రవారం పొద్దున్న ఆరింటికి, ఎండ రాకముందు, మందిరం సరుకులు తెచ్చే కారులోనే అందరివీ వస్తాయి. బియ్యం, పప్పు, నూనె, ఉల్లిపాయలు. పాలు, పెరుగు బకాలాలో. మొదటి నెలలో ఇద్దరు మానేశారు, ఆగలేక. తర్వాత నలుగురు చేరారు. కారు తెచ్చే అబ్బాయికి ప్రతి ఫ్లాటు నుంచి 250 ఫిల్స్, తెప్పించే ఖర్చు అని లిస్టులో పైనే రాశాను, తెలుగులో. ఒకావిడ అడిగింది, యాప్‌లో ఫ్రీ కదా, ఇక్కడ ఎందుకు ఇవ్వాలి అని. ఆవిడకి ఈ పోస్టు పంపుతున్నాను.

రిగ్గైలో ఉన్నవాళ్లు చేరాలంటే మందిరంలో నన్ను అడగండి. కొత్తిమీర లిస్టులో రాయకండి, శుక్రవారానికి వాడిపోతుంది. వచ్చే వారం మాట "కైంకర్యం".